ఎర్రబండోళ్ల నీలం బండి

శిరివెళ్లలో బస్సు దిగి "ఓబుళరెడ్డి ఇల్లు యాడప్పా?" అని అడిగితే "ఏ ఓబుళరెడ్డి?" అని ఎదురడుగుతారు. అహోబిలం స్వామి పేరు పెట్టుకోని ఇల్లు ఈ చుట్టుపక్కల ఉంటే కదా! ఎర్రబండి ఓబుళరెడ్డి అని చెప్పండి, చాలు. ఆటోవాడు ఇంకో మాట అడక్కుండా పక్క పల్లెకు తీసుకుపోయి రేకుల షెడ్డు ముందు దింపుతాడు. ఆ షెడ్డునూ అందులోని ట్రాక్టరునూ మెచ్చుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. ఆ ట్రాక్టరుతోనూ, దాన్ని మించి మొండికేసే మొగుడితోనూ ఇన్నేళ్లు కాపురం చేసిన కమలాక్షమ్మను మెచ్చుకున్నవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు. అందుకే ఈ నాలుగు మాటలూ ఆమె గురించి.

కమలాక్షమ్మది గోస్పాడు మండలం. రైతుబిడ్డ. మాట సూటి, చేయి చురుకు, ఓపిక తక్కువ. పెళ్లయ్యాక ఆమెను అత్తారింటికి తెచ్చింది ఆ ఎర్ర ట్రాక్టరే. మామగారు పుల్లారెడ్డి ఊరందరికంటే ముందు కొన్న బండి అది. ట్రాలీలో కొబ్బరాకుల పందిరి వేసి, కొత్త కోడల్ని కూర్చోబెట్టి ఊరేగిస్తే జనం పెళ్లికూతురి మొహం చూడలేదు, బండి మొహమే చూశారు. ఈ ఇంట్లో తన స్థానం బండి తర్వాతేనని ఆమెకు ఆ రోజే తెలిసిపోవాల్సింది. అప్పటికే ఆ కుటుంబానికి అసలు ఇంటిపేరు పోయి 'ఎర్రబండోళ్లు' అనే పేరు స్థిరపడింది. పుల్లారెడ్డి కాలం చేశాడు, ఆ మొదటి బండీ తుక్కు కిందికి పోయింది. దాని తర్వాత కొన్నదీ ఎర్రదే, ఆ తర్వాత కొన్నదీ అదే కంపెనీ ఎర్రదే. ఓబుళరెడ్డికి అది రంగు కాదు, వాళ్ల నాయన.

మన పల్లెల్లో పార్టీలు మారినవాణ్ణి క్షమిస్తారు గాని ట్రాక్టరు కంపెనీ మారినవాణ్ణి క్షమించరు. టీ అంగడి దగ్గర ఎర్రబండి వాళ్లు ఒక బెంచీ, నీలం బండి వాళ్లు ఒక బెంచీ. నీలం బెంచీకి పెద్ద శ్రీనివాసులు. ఓబుళరెడ్డికి పక్కచేను మనిషి. "ఎర్రబండోళ్ల షెడ్లో నీలం బండి నిలబడిన రోజు నా మీసం సగం తీపిచ్చుకుంటా" అని అందరిలో పందెం కట్టాడు. మీసం ఆయనది, పంతం ఈయనది, మధ్యలో చాకిరీ కమలాక్షమ్మది.

ఎర్రబండికి ఆళ్లగడ్డలో షోరూము ఉన్నంతకాలం ఈ పంతంతో పెద్ద చిక్కు రాలేదు. ఒక ఏడాది ఆ డీలరు తలుపులు మూసేశాడు. అక్కడిప్పుడు బిరియానీ హోటలు నడుస్తోంది. ఇక ఏం కావాలన్నా నంద్యాల డీలరే దిక్కు. ఆ నంద్యాల డీలరు సంగతి నిరుడు శనగ విత్తే రోజుల్లో తెలిసింది.

కమలాక్షమ్మకు పుట్టింటివాళ్లు పసుపు కుంకుమ కింద ఇచ్చిన నల్లరేగడి చేను ఒకటి ఉంది. ఊరి పొలిమేర దాటితే వచ్చేస్తుంది. ఏటా అందులో శనగ వేస్తారు. దసరా వెళ్లాక ఒక మంచి వాన పడితే నేల పదునెక్కుతుంది. ఆ పదును ఆరేలోపు విత్తనం లోపల పడాలి. ఆరిందా, రేగడి రాయైపోతుంది, గింజ మొలవదు. ఇంక ఆ ఏటికి అంతే. నిరుడు సరిగ్గా ఆ పదునులోనే ఎర్రబండి క్లచ్చు పోయి చేను మధ్య నిలబడిపోయింది. నంద్యాలకు ఫోన్ చేస్తే రేపు పంపిస్తామన్నారు. మర్నాడు చేస్తే సామాను కర్నూలు నుంచి రావాలన్నారు. ఆ మర్నాడు ఫోనే ఎత్తలేదు. అద్దెకు పిలుద్దామంటే ఊళ్లో ప్రతి బండీ ఎవరి చేన్లో వాళ్లు తిప్పుకుంటోంది. నంద్యాల మిల్లుల పొగ కనిపించేంత దూరంలో ఉన్న చేనుకు మెకానిక్కు వచ్చేసరికి నేల నెర్రెలిచ్చింది. విత్తిన గింజల్లో మొలిచినవాటికంటే పురుగులు తిన్నవే ఎక్కువ. పండక్కు వచ్చిన తమ్ముడు ఆ చేను చూసి, "ఏమక్కా, మనవాళ్లు ఇచ్చిన చేను బీడు పెట్టినారా?" అన్నాడు. ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగింది, ఇంకా రాలేదు.

ఎండాకాలంలో పాత బండి మార్చి కొత్తది తీసుకుందామని ఓబుళరెడ్డి అన్నప్పుడు రగడ మొదలైంది.

"ఏమయ్యా, పిలిస్తే పలకనోని బండి మనకెందుకు? ఆళ్లగడ్డలో నీలం బండోడు ఉండాడు. ఫోన్ చేస్తే మనిషి చేను కాడికి వస్తాండాడు."

"బండి మంచిదే. డీలరు మంచోడు కాదు. డీలరు మింద కోపానికి బండిని ఇడిసిపెడ్తామా?"

"చేన్లో నిలబడిపోయినప్పుడు దాని మంచితనాన్ని ఏం చేసుకోవాల? ఉప్పేసుకోని నంజుకోవాలా?"

"మా నాయన తెచ్చిన బండి. నేను బతికుండగా ఈ షెడ్లో ఇంకో రంగు నిలబడదు."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అనే మనిషితో ఎంతసేపు వాదిస్తారు? కమలాక్షమ్మ అత్త బాలమ్మ వైపు తిరిగేది. బాలమ్మ పంచలో చాప మీద కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తూ ఉండేది. ఎన్ని రగడలు జరిగినా ఆ ముసలామె ఒకరి పక్షాన మాట్లాడి ఎరగదు. "నువ్వన్నా చెప్పత్తా" అంటే "మీ ఇష్టం" అని ఇంకో కాయ ఒలిచేది. కొడుకు మొండితనం కంటే ఆ 'మీ ఇష్టం' కమలాక్షమ్మకు ఎక్కువ మంట పుట్టించేది.

చివరకు రెండు షోరూములూ చూసి వద్దామని ఒప్పుకున్నాడు. ముందు నంద్యాల. అద్దాల తలుపులు, చల్లటి గాలి, కుర్చీలు, కాఫీ. మేనేజరు కుర్రాడు ఓబుళరెడ్డికి శాలువా కప్పి, "మీ నాన్నగారి కాలం నుంచి మీరు మా కుటుంబం సార్" అన్నాడు. వాణ్ణి చూస్తే పుల్లారెడ్డి పోయాక పుట్టినట్టున్నాడు. ఓబుళరెడ్డి శాలువా అంచులు సవరించుకుంటూ పొంగిపోయాడు.

ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూస్తారు, ట్రాక్టరు కొనేటప్పుడు రిపేరు షెడ్డు చూడాలి అని కమలాక్షమ్మ లెక్క. బాత్‌రూమ్ అడిగి వెనక్కి పోయింది. అక్కడ వరసగా ట్రాక్టర్లు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఒకదానికి దసరా పూజకు కట్టిన బంతిపూల దండ ఇంకా వేలాడుతోంది, పూలు రాలిపోయి దారం మిగిలింది. ఇంకొకదాని సీటు మీద పిల్లి పిల్లల్ని పెట్టింది. కళ్లు కూడా తెరవని పిల్లలు. అక్కడికి మనిషి వస్తాడన్న భయం ఆ తల్లి పిల్లికి లేదు, హాయిగా పడుకుని ఉంది.

ముందుకొచ్చి మేనేజర్ని అడిగింది. "బండి చేన్లో నిలబడిపోతే ఎవురొస్తారు నాయనా?"

"టోల్ ఫ్రీ నంబరు ఉందమ్మా. చేస్తే కంప్లైంటు రిజిస్టర్ అవుతుంది."

"కంప్లైంటు అవుతాది. మనిషి ఎవురొస్తారు?"

ఆ కుర్రాడు నవ్వి, ఇంకో కాఫీ తెప్పించనా అని అడిగాడు.

ఆళ్లగడ్డలో నీలం బండి అంగడిలో కూర్చోడానికి కుర్చీ కూడా లేదు. గడప నుంచే గ్రీజు. ఒక పక్క అరల నిండా సామాన్లు. స్టూలు మీద లూదియా అనే ఆమె రెండు ఫోన్లు పెట్టుకుని ఎవరినో కేకలేస్తోంది. సర్వీసు పనంతా ఆమె చేతి మీదే నడుస్తుంది. వీళ్లు నిలబడి ఉండగానే ఒక ట్రాక్టరు బాగుపడి బయటికి పోయింది, ఇంకొకటి లోపలికి వచ్చింది. కమలాక్షమ్మ ఆ ప్రశ్నే వేసింది.

"ఏ ఊరక్కా? శిరివెళ్ల పక్కనా? ఆ పక్క మా మెకానిక్కు ప్రవీణ్ తిరుగుతాడు. వాడు లేకుంటే ఇంకొకడు వస్తాడు."

"ఆదివారమైతే?"

"ఆదివారం నేను ప్రార్థనకు పోతా. పొద్దన ఫోన్ ఎత్తను. మధ్యాన్నం నుంచి ఎత్తుతా."

ఎప్పుడైనా వస్తామనేవాడు ఎప్పుడూ రాడని కమలాక్షమ్మకు తెలుసు. ఎప్పుడు పలకదో ముందే చెప్పిన మనిషి మీద ఆమెకు గురి కుదిరింది. ఇంటికొచ్చాక మొగుడితో ఒక్కటే చెప్పింది. "మా పుట్టింటి చేనులో ఇంగోసారి ఎర్రబండి దిగితే నేను పోయి దానికి అడ్డం పండుకుంటా." ఓబుళరెడ్డికి భార్య అన్నంత పనీ చేస్తుందని తెలుసు. కొన్నాళ్లు అన్నం దగ్గర అలిగి, చివరికి ఆళ్లగడ్డ పోయి నీలం బండి తీసుకున్నాడు. ఇంత తేలిగ్గా దారికొచ్చాడే అని ఆమె సంబరపడింది. ఆ సంబరమే ఆమె చేసిన తప్పు.

బండిని అహోబిలంలో పూజ చేయించి తెస్తానని ఓబుళరెడ్డి ఒక్కడే పోయాడు. ఒక పూట పని. పోయినవాడు మర్నాడు గాని రాలేదు. హారను వినపడి హారతి పళ్లెం, గుమ్మడికాయ పట్టుకుని కమలాక్షమ్మ వాకిట్లోకి వచ్చింది. పళ్లెం చేతిలోనే ఉండిపోయింది. వాకిట్లో నిలబడి ఉన్న బండి మిరపపండులా ఎర్రగా ఉంది. కంపెనీ పేరున్న స్టిక్కర్లు గీకేసి ఉన్నాయి. ఇంకా పెయింటు వాసన పోలేదు.

"ఏందయ్యా ఇది?"

"బండి."

"రంగేంది?"

"స్వామికి ఎరుపంటే ఇష్టం" అన్నాడు ఓబుళరెడ్డి, ఆమె మొహం చూడకుండా.

ఆమెకు అక్కడే గుమ్మడికాయ ఆయన నెత్తిన పగలగొట్టాలనిపించింది. లోకంలో నెరిసిన తలకు రంగేసుకున్నవాణ్ణి చూసి ఉండొచ్చు గాని ట్రాక్టరుకు మారువేషం వేసిన మగవాణ్ణి ఎవరైనా చూశారా? ఎవరన్నా అడిగితే "కొత్త మోడలు, ఇంకా స్టిక్కర్లు రాలే" అని చెప్పుకుంటూ తిరిగాడు. ఊళ్లో పుట్టినప్పట్నుంచీ ట్రాక్టర్ల మీద బతికినవాళ్లకు ముందు మూత వాలు చూస్తే, ఇంజను మోత వింటే తెలియదా ఏ బండో? అందరికీ తెలుసు. మొహం మీద అంటే మనిషి చిన్నబోతాడని ఎవరూ అనలేదు. శ్రీనివాసులు మాత్రం మీసం దువ్వుకుంటూ, "మోడలు బాగుండాదన్నా. అచ్చం మా బండి మాదిరే పలుకుతాంది" అనేవాడు. ఓబుళరెడ్డి దాన్ని పొగడ్త కింద తీసుకునేవాడు.

దసరా పోయింది, మంచి వాన పడింది. రేగడి పదునెక్కింది. పొద్దున్నే కమలాక్షమ్మ విత్తనాల మూటలు ట్రాలీకెక్కించి, నేలకు దండం పెట్టి, బండి వెనక విత్తే గొర్రు పెట్టెలో తానే మొదటి దోసిలి శనగలు పోసింది. చేనులో కాస్త భాగం విత్తేసరికి హైడ్రాలిక్ పైపు దగ్గర నూనె కారిపోయి గొర్రు పైకి లేవడం మానేసింది. గొర్రు పళ్లు నేలలో దిగబడి బండి కదల్లేదు. కొత్త బండి కూడా బండే, ఇనుముకు రోగం రాదా? కమలాక్షమ్మ బెదరలేదు. "లూదియాకు ఫోన్ చెయ్యి" అంది. ఓబుళరెడ్డి కాస్త పక్కకు పోయి, గొంతు తగ్గించి ఫోన్ చేసి, మెకానిక్కు బయల్దేరాడని చెప్పాడు. వాడు వచ్చేలోపు సంగటి తెద్దామని ఆమె ఇంటికి పోయింది.

తిరిగొచ్చేసరికి బండి ఎక్కడిదక్కడే ఉంది. ఎండ ముదిరింది, పడమటి గాలి లేచింది.

"ఇంగా రాలేదా?"

"రాలే" అన్నాడు ఓబుళరెడ్డి. సంగటి గిన్నె కేసి చూస్తూ అన్నాడు.

ఆమె వంగి మట్టి పిడికిట్లోకి తీసుకుంది. పొద్దున ఉండకట్టిన మట్టి ఇప్పుడు వేళ్ల సందుల్లోంచి పొడిపొడిగా రాలింది. ఆమెకు నిరుటి చేను కళ్లముందు మెదిలి ఏడుపొచ్చినంత పనైంది. ఈ ఏడూ ఇట్లే పోతే తమ్ముడి ముందు ఏ మొహం పెట్టుకోవాలి? లూదియాను నమ్మి మొగుడితో అంత పోట్లాడిందే! ఫోన్ తీసి తానే చేసింది.

"ఏం లూదియా, నీ మాట కూడా అంతేనా? మనిషి రాలేదు గదమ్మా!"

"అయ్యో అక్కా, ప్రవీణ్ వచ్చి పోయినాడు గదా! రోడ్డు మింద బండాపి ఎంతసేపో చూసినాడంట. ఆడ యాడో ఎర్రబండి నిలబడి ఉండాది గాని మన బండి లేదంట. రెడ్డికి ఫోన్ చేస్తే ఎత్తలేదంట. అందుకే వేరే చేనుకు పంపిస్తి."

కమలాక్షమ్మ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే మొగుడివైపు తిరిగింది.

"ఆ పిల్లోడు వచ్చినాడా?"

ఓబుళరెడ్డి ఆకాశం చూశాడు. గొర్రు చూశాడు. "వచ్చినాడు" అన్నాడు.

"నువ్వు సూసినావా?"

"సూసినా."

"మరి పిల్చలేదేమయ్యా?"

"శ్రీనివాసులు, ఇంగా ఇద్దరు ఆ గట్టు మిందే ఉండిరి. నీలం బండి చొక్కా ఏసుకోని వచ్చినాడు వాడు. ఎట్ల పిల్చేది?"

చేను ఎండిపోతోంది, విత్తనం మూటల్లో ఉంది, వెతుక్కుంటూ వచ్చిన మనిషిని ఈ మహానుభావుడు చెయ్యెత్తి పిలవకుండా గమ్మున నిలబడి పంపేశాడు! కమలాక్షమ్మ సంగటి గిన్నె గట్టు మీద పెట్టింది. పక్కచేన్లో శ్రీనివాసులు తన బండి ఆపుకుని ఇటే చూస్తున్నాడు. చూడనీ అనుకుంది.

"డీలరు రాకపోతే డీలరును తిడ్తి. ఇప్పుడు వచ్చినోన్ని నువ్వే తరిమితివి. ఇప్పుడెవుర్ని తిట్టాలయ్యా? ఇది మావాళ్లు ఇచ్చిన చేను. నిరుడు నీ పంతానికి ఒకసారి ఎండబెట్టినావు. ఈసారి నీ సిగ్గుకు ఎండబెడ్తాండావు. ఇదో ఫోను. నువ్వే చెప్పు, నీది ఏం బండో. ఈ చేను ఇనాల, ఆ గట్టు మిందోళ్లు ఇనాల. గట్టిగా చెప్పు."

ఓబుళరెడ్డి ఫోన్ తీసుకున్నాడు. అటు లూదియా "హలో, హలో" అంటోంది. ఆయన ఒకసారి శ్రీనివాసులు వైపు చూసి, కళ్లు మూసుకుని, వాళ్ల నాయన చావు కబురు చెబుతున్నంత బాధగా అరిచాడు.

"మాది నీలం బండేమ్మా! ఆ ఎర్రదే నీలం బండి. ప్రవీణ్‌ను తొందరగా పంపించు."

చేలల్లో ఎవరూ నవ్వలేదు. శ్రీనివాసులు గట్టు దాటి వచ్చి, కారిన పైపు వంగి చూశాడు.

"ఊరందరికీ తెల్సులే అన్నా. తెలిసిందని నీకొక్కనికే తెల్దు" అన్నాడు. "పందెంలో నా మీసానికే రెక్కలొచ్చినట్లుండాది. నువ్వు చెప్పకుంటే నాకూ బాగానే ఉండె."

ప్రవీణ్ వచ్చాడు. మూత ఎత్తితే లోపల నీలం రంగు అట్లాగే ఉంది. వాడు ఎర్ర మూతనూ, నీలం కడుపునూ మార్చి మార్చి చూసి, ఏమీ అడక్కుండా పైపు మార్చి, నూనె పోసి, గొర్రు లేపి దింపి చూపించాడు. శ్రీనివాసులు తన చేను అయిపోయిందని తన బండి కూడా తెచ్చి అవతలి అంచు నుంచి విత్తుకొచ్చాడు. పొద్దు వాలేలోపు కమలాక్షమ్మ చేనులో గింజలన్నీ పదునులో పడ్డాయి. ఆమె ఆఖరి సాలు పక్కన కూర్చుని, కాసేపు ఎవరికీ కనపడకుండా కళ్లు తుడుచుకుంది.

ఇంటికొచ్చేసరికి బాలమ్మ పంచలో చాప మీద చెనిక్కాయలు ఒలుస్తోంది. ఓబుళరెడ్డి తల్లి పక్కన కూలబడ్డాడు.

"నాయన పేరు పోగొడ్తినమ్మా. నీలం బండని నా నోటితోనే ఊరంతా ఇనేట్టు చెప్తి."

బాలమ్మ చేయి ఆగింది. "మీ నాయన పేరుకేమైందిరా?"

"ఎర్రబండి కదమ్మా నాయనంటే. ఆ బండంటే పానం కదా."

"మీ నాయనకు రంగుతో ఏం పని? ఆయన మనసు పడింది పచ్చ బండి మింద. దానికి రిపేరొస్తే కర్నూలు పోవాలంటిరి. ఎర్రబండి మేస్త్రీ అప్పుడు ఆళ్లగడ్డలోనే ఉండె, కబురు పెడ్తే సైకిలేసుకోని చేను కాడికి వస్తాండె. 'పిలిస్తే పలకనోని బండి మనకెందుకు' అని ఎర్రదాన్ని తెచ్చె."

కమలాక్షమ్మ కాళ్లు కడుక్కుంటున్నదల్లా చెంబు పట్టుకునే వచ్చింది. ఎండాకాలమంతా తాను గొంతు చించుకుని చెప్పిన మాట! మాటకు మాట అదే!

"ఇన్ని దినాలు మేము కొట్లాడుకుంటాంటే నువ్వు ఈన్నే కూసోని ఇంటాంటివి గదత్తా! ఆ ఒక్కమాట చెప్పకూడదా?"

"నన్నెవురు అడిగినారు? 'నువ్వన్నా చెప్పత్తా' అంటివి గాని, ఆయన ఎందుకు కొన్యాడని ఎవురన్నా అడిగితిరా?" అని బాలమ్మ మళ్లీ కాయ అందుకుంది.

నవ్వాలో ఏడవాలో కమలాక్షమ్మకు తెలియలేదు. మొగుడు మోకాళ్ల మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లు చూసి, పెళ్లయి వచ్చాక మొదటిసారి ఆ మనిషి మీద ఆమెకు నిజంగా జాలేసింది. వాళ్ల నాయనకు ఇష్టమనుకుని ఎన్నేళ్లు మోశాడు పాపం! ఇంత మజ్జిగ తెద్దామని లోపలికి అడుగు వేసింది.

వెనక నుంచి ఓబుళరెడ్డి గొంతు వినిపించింది. కొత్త ఉత్సాహం వచ్చింది ఆ గొంతులో.

"అమ్మా, నాయన మనసు పడిన ఆ పచ్చ బండి ఏ కంపెనీదో నీకు గుర్తుండాదా?"

కమలాక్షమ్మ చెంబు గడప మీద పెట్టి, మజ్జిగ సంగతి మరిచిపోయి వెనక్కి తిరిగింది.